దద్దుర్లకు గండపెండేరం

మేలుదుర్గం రాజు తిరుమలభూపతి ఒకనాడు కొలువులో వింత ఆజ్ఞ ఒకటి వేశాడు. తాను గోక్కున్నప్పుడల్లా సభలో ఉన్నవాళ్ళంతా గోక్కోవాలట. రాజొక్కడే గోక్కుంటే చూసేవాళ్ళకి బాగుండదు కదా మరి. ఇంకేం, మంత్రులు వీపులు, పండితులు పొట్టలు గోక్కోవడం మొదలెట్టారు. సేనాపతి అయితే కవచం కింద చెయ్యి దూర్చి మరీ గోక్కున్నాడు. దురద లేనివాళ్ళకే భక్తి ఎక్కువ.

రాజుకి మాత్రం నిజంగానే దద్దుర్లు. పొద్దున్నే కందిరీగలు కుట్టినట్టు ఎర్రగా లేచేవి. కాసేపటికి చేతుల మీద మాయమై మెడ మీద తేలేవి. గోకేకొద్దీ పెరిగేవి. సాయంత్రానికి ఒళ్ళు మామూలుగా ఉండేది, తెల్లారితే మళ్ళీ మొదలు.

ఆస్థాన వైద్యుడు సోమభట్టు వచ్చాడు. ఆయనకి బిరుదులెక్కువ, రోగులు తక్కువ. ఆ ఉన్న రోగులూ రోజురోజుకీ తగ్గిపోతున్నారు, నయమై మాత్రం కాదు. ఆ మహానుభావుడు నాడి పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఇది ఎవరో అన్నంలో కలిపిన పెట్టుమందు అని తేల్చేశాడు. అన్నం వండేది ఎవరు? సింగన్న. సాయంత్రానికల్లా సింగన్న చేతులకి సంకెళ్ళు వేసి చెరసాలలో పడేశారు.

రాజుని నవ్వించడమే ఉద్యోగంగా బతికే తిప్పరుసుకి ఆ కబురు వినగానే కడుపు మండిపోయింది. సింగన్న అతనికి చిన్ననాటి నేస్తం. ఉప్పు ఎక్కువైతేనే రాత్రంతా నిద్రపోని మనిషి, విషం పెడతాడా?

తిప్పరుసు అంతఃపురం దాసీలందరినీ ఒకటే ప్రశ్న అడిగాడు. దద్దుర్లు మొదలయ్యే ముందు రాజుగారికి కొత్తగా మొదలైంది ఏమిటి అని. బియ్యం పాతవే, పప్పు పాతదే, ఒంటికి రాసే నలుగుపిండీ పాతదే. కొత్తది ఒక్కటే, సోమభట్టు ఇచ్చిన యవ్వన లేహ్యం. తెల్లమీసం నల్లబడుతుందని రాజు రోజూ పరగడుపున చెంచాడు మింగుతున్నాడు.

ఒక్కొక్క ఒంటికి ఒక్కొక్కటి పడదు, ఆ లేహ్యం కొన్నాళ్ళు ఆపి చూడండి ప్రభూ అని తిప్పరుసు బతిమాలాడు. మీసం నల్లబడే వేళకి ఆపమంటావా అని రాజు కసిరాడు. సోమభట్టుకి ఆ మాట తెలిసి ఒళ్ళు మండింది. పెట్టుమందు ఇంకా కడుపులోనే ఉంది, అది దిగాలంటే లేహ్యం రెండు చెంచాలు వేసుకోవాలన్నాడు. మర్నాటికి రాజు పెదవులు మినప గారెల్లా ఉబ్బాయి. ఆ కోపంతో రాజు, వచ్చే అమావాస్యకి సింగన్నని ఉరి తీయమన్నాడు.

ఇక చెబితే వినే రకం కాదని తిప్పరుసుకి అర్థమైంది. చెరసాల కాపలావాణ్ణి మంచి చేసుకుని లోపలికి ఒక కుంపటి, కాస్త బెల్లం, నెయ్యి, శొంఠిపొడి పంపించాడు. సింగన్న సంకెళ్ళు గలగలలాడిస్తూనే కుంపటి మీద నల్లగా, చిక్కగా పాకం పట్టాడు. రోజూ పొద్దున్నే రాజుకి కబుర్లు చెప్పడానికి పడకగదికి వెళ్ళేది ఎలాగూ తిప్పరుసే. సోమభట్టు లేహ్యం జాడీ తీసి దాచేసి, దాని చోట ఈ పాకం పెట్టాడు. రాజు గోళ్ళు కత్తిరించమనీ, దురద పుట్టిన చోట చన్నీళ్ళలో తడిపిన గుడ్డ వేయమనీ దాసీలకి చెప్పాడు.

ముందు పెదవుల వాపు తీసింది. తర్వాత దద్దుర్లు పలచబడ్డాయి. అమావాస్య నాటికి ఒంటి మీద ఒక్కటి లేదు. మీసం మాత్రం తెల్లగానే ఉంది.

ఆ రోజు కొలువులో సోమభట్టుని పట్టేవాళ్ళు లేరు. రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. రాజు బంగారు గండపెండేరం తెప్పించాడు. పెండేరం వైద్యుడికి, ఆ వెంటనే ఉరి వంటవాడికి. అప్పుడు తిప్పరుసు లేచి, ఎంతో వినయంగా అడిగాడు.

“భట్టుగారూ, దద్దుర్లు పోయింది మీ జాడీలో లేహ్యం వల్లేనా? వంటవాణ్ణి మార్చినందువల్లేమో?”

పేరు ఇంకొకరికి పోతుందంటే సోమభట్టు ఊరుకుంటాడా? “వంటవాడి ఊసెందుకయ్యా? నయం చేసింది ముమ్మాటికీ ప్రభువులు తిన్న లేహ్యమే. అది చేసిన చేతికే ఈ గౌరవం దక్కాలి.”

తిప్పరుసు రాజు వైపు తిరిగి చేతులు జోడించాడు.

“ఆ చేతికి సంకెళ్ళున్నాయి ప్రభూ. ముందు అవి తీయించండి.”

సభ నివ్వెరపోయింది. తిప్పరుసు జరిగిందంతా చెప్పి, దాచిన జాడీ తెచ్చి ముందు పెట్టాడు. సోమభట్టు మొహం మాడిపోయింది. ఇదంతా కుట్ర, నా లేహ్యం అమృతం, దాన్ని ఎవరు తిన్నా ఏమీ కాదని గింజుకున్నాడు.

“అయితే మా ముందు రెండు చెంచాలు మీరే తినండి భట్టుగారూ” అన్నాడు రాజు.

సోమభట్టు జాడీ వైపు చూశాడు, రాజు వైపు చూశాడు. రెండడుగులు వెనక్కి వేసి, గొంతు తగ్గించి అన్నాడు.

“నన్ను మన్నించాలి ప్రభూ. అది తింటే నాకు ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి.”

 రాజు నవ్విన నవ్వుకి కిరీటం జారి ఒళ్ళో పడింది, సభంతా పగలబడి నవ్వింది. సంకెళ్ళు ఊడిన సింగన్న కాలికి గండపెండేరం తొడిగారు, తిప్పరుసుకి రాజు తన మెడలోని ముత్యాల హారం తీసి వేశాడు. సోమభట్టుకి మాత్రం ఆ లేహ్యం జాడీని చంకలో పెట్టి, ఊరి పొలిమేర దాకా దగ్గరుండి సాగనంపారు.