నూకన్న పెద్దవల

తాండవస్వామివారికి ఒక అలవాటుంది. అడిగినదానికి జవాబు చెప్పరు, అడిగినవాణ్ని ఎండలో నడిపిస్తారు. పెద్ద రాజ్యానికి మంత్రి అయినా సరే, శిష్యుడు శిష్యుడే.

మంత్రి మాధవభట్లు ఆ ఉదయం సముద్రపుటొడ్డున ఉన్న ఆశ్రమానికి వచ్చి అడిగాడు: “స్వామీ, మూడు తరాలుగా చుట్టుపక్కల రాజ్యాలకు మా రాజుగారి మాటే శాసనం. ఇప్పుడు తూర్పున కొత్త రాజు బలిశాడు. అది చూసుకుని మా సామంతులు మాతో సమానంగా కూర్చుంటామంటున్నారు. అణచాలా, పక్కన కూర్చోబెట్టుకోవాలా? రేపటికల్లా రాజుగారికి చెప్పాలి.”

స్వామివారు లేచి ఒడ్డుకు దారితీశారు.

అక్కడ జాలరి నూకన్న పెద్దవల నీళ్లలో ఉంది. రెండు తాళ్లు పట్టి ఎనభై మంది లాగితే గాని రాని వల. అది ఒడ్డెక్కేదాకా ఇంకెవరి పడవా సముద్రంలో దిగకూడదని ఆ పేట కట్టుబాటు. నూకన్న తాతనాడు పేట మొత్తానికి అదొక్కటే వల, కాబట్టి ఎవరికీ బాధ లేకపోయింది. ఇప్పుడు ముప్పై పడవలున్నాయి. రోజు మార్చి రోజు వంతు వేసుకుందామని పేటవాళ్లు ఏడాదిగా అడుగుతున్నారు. నూకన్న వినలేదు సరికదా, వాళ్లకు బుద్ధి చెప్పాలని ఆ రోజు వలకు ఇంకో ముక్క అతికించి మరీ దింపాడు.

అంత చేప పదేళ్లలో పడలేదు. తాళ్ల దగ్గర మాత్రం నూకన్న కొడుకులూ అల్లుళ్లూ కలిపి పద్నాలుగు మంది. మిగిలిన పేటంతా ఇసుకలో చేతులు కట్టుకుని నిలబడింది.

పైడమ్మ అనే ముసలామె ముందుకొచ్చింది. “ఒరే నూకన్నా, వొంతు ఒప్పుకోరా. ఒక్క మాట సెప్పు, ఇప్పుడే అందరం తాడట్టుకుంటాం.”

“మా తాత వలకి నాను వొంతు అడుక్కోవాలేటి?” అన్నాడు నూకన్న. అరిచేతులు కోసుకుపోయి నెత్తురు కారుతోంది, అయినా తల వంచలేదు. ఇలాంటివాళ్లను చూసి మనం మగాడంటే వీడని మెచ్చుకుంటాం, అదీ మన ఖర్మ.

ఒక తాడు తెగింది. రెండోది చేతుల్లోంచి జారిపోయింది. వల చేపలతో సహా లోపలికి కొట్టుకుపోయింది. ఎవరూ నవ్వలేదు. పైడమ్మ కూలబడి ఏడ్చింది. ఆ పూట పేటలో ఏ పొయ్యి మీదా పులుసు ఉడకలేదు, పంతం నెగ్గినవాళ్ల ఇళ్లలో కూడా. నూకన్న మాత్రం తెగిన తాడు ముక్క పిడికిట బిగించి అలాగే నిలబడ్డాడు.

మంత్రి స్వామివారికి దగ్గరగా జరిగాడు. మెల్లగా అన్నాడు: “రేపు చెప్పాలన్నది అబద్ధం స్వామీ. సైన్యం నిన్ననే బయల్దేరింది. అణచమన్నది నేనే. తమరు కూడా సరేనంటే నిద్రపడుతుందని వచ్చాను.”

స్వామివారు అతనివైపు చూడలేదు.

“చూడు నాయనా, నూకన్న ఇంకా పట్టు వదల్లేదు,” అన్నారు.