పెచ్చు లేచిన పేరు

విగ్రహం ముందు నిలబడి దాత పేరెక్కడుందా అని వెతుకుతావే, ఆ అలవాటు మానుకో. గుడిలో ట్యూబులైటు వెలుగు కంటే దాని మీద రాసిన పేరే నీకు ముందు కనబడుతుంది. సిగ్గు తెచ్చుకుని ఈ కథ విను.

అనగా అనగా, రాజ్యం ఎవరిదో జనానికే సరిగా తెలియని కాలంలో, స్లొవేనియా దేశపు కొండల్లో ఒక పల్లె. అక్కడ యెర్నెయ్ అని ఒక పాదిరి. చర్చిలో ప్రార్థన చెప్పేవాడు, మిగతా వేళ పాటలు కట్టేవాడు. ఆయన ఆస్తి మూడు తేనెపెట్టెలు. కొత్త పాట కట్టినప్పుడల్లా పెట్టెను మూడుసార్లు తట్టి, ముందు తేనెటీగలకే వినిపించేవాడు.

"ముందు మాకు వినిపించరాదా అయ్యగారూ?" అనేవాడు రాతిపని చేసే బ్లాజ్.

"మీరు మర్యాదకు మెచ్చుకుంటారు. అవి నచ్చకపోతే కుడతాయి."

బ్లాజ్‌కి అక్షరాలు దిద్దించింది ఆ పాదిరే. ఆయన పోయిననాడు బ్లాజ్ ఒట్టు పెట్టుకున్నాడు: ఆయన పేరు రాతి మీద చెక్కందే ఉలి దించను. కాని రాయేదీ? మంచి సున్నపురాయి ఉన్నది పిండిమిల్లు ఆసామి పొలంలో ఒక్కచోటే.

"ఇస్తాను," అన్నాడు ఆసామి. "పైన నా పేరు, పెద్దగా. కింద ఆయన పేరు, చిన్నగా. తేనెపెట్టెలు మూడూ నావి."

కాదంటే పాదిరి పేరే మిగలదు. బ్లాజ్ తల వంచుకుని ఒప్పుకున్నాడు.

పెట్టెలు మోయిస్తుంటే, పాదిరికి వండిపెట్టిన ముసలి నేజా అడ్డం వచ్చింది. "ఆసామీ, యజమాని పోతే ఈగలకు చెప్పాలి. తాతలనాటి ఆచారం. మూడుసార్లు తట్టి, మీ అయ్య పోయాడు, ఇకమీదట నేను అని చెప్పు. చెప్పకపోతే నిలవవు."

"పురుగులకు నేను విన్నవించుకోవాలా?"

"నీ గాడిదతో రోజూ మాట్లాడతావుగా. ఇవి దానికంటే తెలివైనవిలే."

అందరూ నవ్వారు. ఆసామి తట్టలేదు, చెప్పలేదు, తల వంచలేదు.

ఆ తర్వాత మూడో ఆదివారం, పేర్లు చెక్కి చర్చి ముందు నిలబెట్టిన రాతి మీద దుప్పటి తీశారు. అప్పుడే ఆసామి తోటలోంచి రొద. మొదటి పెట్టె ఖాళీ, రెండోది ఖాళీ, మూడోది ఖాళీ. ఈగలన్నీ వచ్చి రాతి మీద వాలాయి. పెద్దక్షరాల లోతులో వాటికి పట్టు దొరికిందో ఏమో, ఆసామి పేరు నల్లటి ముద్ద కింద మునిగిపోయింది. పాదిరి పేరు మీద ఒక్క ఈగ వాలలేదు. బ్లాజ్ రెప్ప వేయకుండా చూశాడు.

ఆసామి గడ్డి దివిటీ వెలిగించాడు.

"సున్నపురాయికి నిప్పు తగలనీయకయ్యా," అన్నాడు బ్లాజ్.

"రాయి నాది."

మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ అదే జవాబు. ఈగలు లేచి చర్చి చూరు కిందికి పోయాయి. మంట రాతిని నాకింది. మసిబారిన తన పేరు చూసుకుని, ఆసామి దాని మీద బిందెడు చన్నీళ్లు కొట్టాడు. టప్పుమని పెచ్చు లేచింది. పేరంతా తునకలై కాళ్ల ముందు పడింది.

"మళ్లీ చెక్కు," అన్నాడు. ఈసారి గొంతు చిన్నదైంది.

"అక్కడ ఇక మందం లేదయ్యా. ఉలి పెడితే రాయి నిలువునా చీలి, పాదిరిగారి పేరూ పోతుంది." బ్లాజ్ ఉలిని సంచిలో పెట్టేశాడు.

నేటికీ ఆ పల్లెలో పెళ్లయినా, పురుడైనా, చావైనా, ముందు ఆ రాతిని మూడుసార్లు తట్టి పాదిరికి చెబుతారు. పైన గరుకుగా ఉన్న చోటు చూసి పరాయివాళ్లు, "ఇక్కడ ఎవరి పేరుండేది?" అని అడుగుతారు. ఎవరికీ తెలియదు. ఆసామి వంశంవాళ్లకూ తెలియదు. నాకూ తెలియదు కనుకనే, కథ పొడుగునా మిల్లు ఆసామి అంటూ వచ్చాను.