లస్కరు ఏసుపాదం గోడ

అనగనగా ఒక ఏరు. ఏటికి ఒక లాకు. లాకుకు ఒక లస్కరు. ఈ కథలో రాజు లేడు, రాణి లేదు, ముందే చెబుతున్నాను, మధ్యలో లేచి అడక్కండి. ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి, నిద్రొచ్చేవాళ్ళు వెళ్ళి పడుకోండి. ఎప్పటి మాట అంటారా? గోడల మీద తీగ పాకించుకుని ఇంటర్‌నెట్ తెచ్చుకునే రోజుల మాట. అంతకన్నా లెక్క నాకు తెలీదు.

ఆ లస్కరు పేరు ఏసుపాదం. లాకు అంటే కాలవకు తలుపు. ఆ తలుపులు ఎత్తడం, దించడం, గట్టుకు గండి పడకుండా కాపలా కాయడం అతని పని. ఆఫీసులో అందరికన్నా కింది ఉద్యోగం. అతనికి కుర్చీ లేదు. ఉన్నా కూర్చునే రకం కాదు. కూర్చుంటే లేస్తాడు, లేస్తే నడుస్తాడు, నడిస్తే వంగి చూస్తాడు. భార్య బతికున్నన్నాళ్ళూ, "నీ అరికాళ్ళలో చీమలేమైనా ఉన్నాయేంటి" అని విసుక్కునేది.

చివరి చేనుకు నీళ్ళు రాలేదని రైతులు గొడవకు వచ్చేవారు. ఒకడు కాలవంతా తవ్వించమనేవాడు. ఒకడు లాకు తలుపులు విరగ్గొట్టమనేవాడు. ఒకడు ఎగువ ఊరి మీదికి కర్రలతో పోదామనేవాడు. ఏసుపాదం మాత్రం లాకు దగ్గర బయల్దేరి, ప్రతి తూము దగ్గరా ఆగి, నీళ్ళలో చెయ్యి పెట్టి, అక్కడున్నవాణ్ణి మూడే మూడు మాటలు అడిగేవాడు.

"ఇక్కడిదాకా వచ్చిందా? ఇక్కణ్ణించి పోయిందా? నిన్న సెయ్యెట్టిందెవరు?"

మొదటి తూము, రెండో తూము, మూడో తూము. ఎక్కడో ఒకచోట నీళ్ళు వచ్చి ఉండేవి, పోయి ఉండేవి కావు. అక్కడ ఏ గడ్డిమోపో, ఏ కొబ్బరిమట్టో, ఎవడో చాటుగా కుక్కిన గోనెసంచో ఉండేది. దాన్ని లాగి పారేసేవాడు. చివరి చేను తడిసేది. రైతులు కర్రలు ఇంటికి పట్టుకుపోయేవారు.

ఇలా ఉండగా ఆ లాకు ఆఫీసులోకి ఒక మిషన్ వచ్చింది. అందులో ఉన్నది లినక్స్ అన్నారు. నల్ల తెర, తెల్ల అక్షరాలు. ఎగువన కొండ సందులో ఏటి ఒడ్డున ఒక కొలత పెట్టె పెట్టారు. అది నీటి మట్టం కొలిచి, మిషన్ అడిగినప్పుడల్లా గట్టు మీది స్తంభం మీదుగా గాలిలోనే ఈ మిషన్‌కు కబురు పంపుతుంది. మిషన్ ఆ అంకెను తెర మీద వేస్తుంది. అంకె నలభై అడుగులు దాటిందా, ఏటి మధ్య లంకలో సైరన్ దానంతటదే కూస్తుంది.

లంక పేరు మొగలిలంక. మూడు వందల గడప. చుట్టూ నీళ్ళు. అక్కడ సెల్లు పలకదు. వరదొస్తోందన్న పుకారు విని ఆ లంకవాళ్ళు ఒకసారి పక్కలు చుట్టుకుని ఒడ్డుకొచ్చారు. వరద రాలేదు. రెండోసారి మేకల్ని తోలుకొచ్చారు. వరద రాలేదు. మూడోసారి ముసలివాళ్ళని మంచాల మీద మోసుకొచ్చారు. ఆ రోజు ఎండ పేలాలు వేగేలా కాసింది. దాంతో, "సైరన్ కూస్తేనే కదుల్తాం, దేవుడు దిగొచ్చి చెప్పినా కదలం" అని ఒట్టేసుకున్నారు. ఏసుపాదం తన ఒక్కగానొక్క కూతురు రూతమ్మను ఆ లంకలోనే ఇచ్చాడు. తల్లి లేని పిల్ల కాబట్టి పురుడు కూడా అత్తగారింట్లోనే పోశారు. నేను చెప్పబోయే రోజుకు ఆమె పదకొండు రోజుల బాలింత.

ఆ రోజు పొద్దున్నే ఏసుపాదం గట్టు మీద నిలబడి ఏటిని చూశాడు. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. నురగ కడుతున్నాయి. ఒక పశువుల పాక కప్పు తేలుకుంటూ వచ్చింది. కప్పు మీద ఒక కోడి ఉంది. అది అరవడం కూడా మానేసి నిలబడి ఉంది. ఏసుపాదం కూర్చున్నాడు, లేచాడు, నడిచాడు, ఆఫీసు గుమ్మంలోంచి వంగి చూశాడు.

లోపల మిషన్ ముందు సుభాషిణి ఉంది. కాంట్రాక్టు ఉద్యోగం, కంప్యూటర్ ఆపరేటరు.

"అమ్మాయిగోరూ, అంకె ఎంతుంది?"

"ముప్పై ఒకటి, బాబాయ్."

"అర్ధగంట కింద?"

"ముప్పై ఒకటి."

"నిన్న సందేళ?"

సుభాషిణి తెరకేసి మళ్ళీ చూసింది. "ముప్పై ఒకటే."

"ఏరు ఊపిరి పీలుస్తాదమ్మా. అంగుళం పెరుగుద్ది, అంగుళం తగ్గుద్ది. నిన్నటినించి కదలకండా ఉన్నది ఏరు కాదు, ఏటి బొమ్మ."

ఆ మాట విని సుభాషిణి ఇంజనీరు వామనరావు గారిని పిలిచింది. ఆయన ఎగువన కొలత పెట్టె దగ్గరుండే కాపలావాడికి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఎత్తలేదు.

"సైరన్ మీట చేత్తో నొక్కెయ్యండి బాబూ," అన్నాడు ఏసుపాదం.

"తెర మీద ముప్పై ఒకటి పెట్టుకుని నొక్కితే పైవాళ్ళకి ఏం చెప్పనయ్యా? ఒక కోడి చెప్పిందని చెప్పనా?" అన్నాడు వామనరావు. పాపం, ఆయన చెడ్డవాడు కాదు. భయస్తుడు. భయస్తులకు తెర మీది అంకె ఏటికన్నా నిజం.

ఆయన మిషన్‌ను ఆపి మళ్ళీ లేపాడు. లేచింది. ముప్పై ఒకటి. తెర మార్చాడు. ముప్పై ఒకటి. తీగ మార్చాడు. ముప్పై ఒకటి. మిషన్ తనకు ఆఖరున అందిన అంకెను లోపల రాసి పెట్టుకుంది. లేపినప్పుడల్లా అదే చదువుతోంది. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

బయట నీళ్ళు రేవు మెట్టు ఒకటి ఎక్కాయి.

చక్రపాణి వచ్చాడు. పెట్టెలూ తీగలూ బిగించే కాంట్రాక్టరు మనిషి. వేళ్ళకు మూడు ఉంగరాలు, జేబులో మూడు పెన్నులు. చూసీ చూడకుండానే, "మిషన్‌లో ఉన్నదంతా తుడిచేసి మళ్ళీ ఎక్కించేద్దామండి. సాయంత్రానికి అయిపోద్ది," అన్నాడు.

ఏసుపాదానికి కాలు నిలవలేదు. గుమ్మం దాకా వెళ్ళాడు, ఏటిని చూశాడు, వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు, చూశాడు, వచ్చాడు. సాయంత్రానికి లంక ఉండదు. లంక లేకపోతే రూతమ్మ లేదు. అతను ఎన్నడూ లోపలికి రాని మనిషి, ఆ రోజు మట్టికాళ్ళతోనే వచ్చి మిషన్‌కు అడ్డంగా నిలబడ్డాడు.

"కాలవంతా తవ్వొద్దు బాబూ. తూము తూమూ చూద్దాం. అమ్మాయిగోరూ, కబురు ఏ దారిన వస్తాదో చెప్పండి."

సుభాషిణి వేలు పెట్టి చూపించింది. కొండ దగ్గర కొలత పెట్టె. అక్కణ్ణుంచి గట్టు మీది స్తంభం. అక్కణ్ణుంచి గోడ మీది పెట్టె. అక్కణ్ణుంచి మిషన్.

"గోడ పెట్టెతో మొదలెట్టండి. ఇక్కడిదాకా వచ్చిందా?"

ఆమె పింగ్ కొట్టింది. పింగ్ అంటే ఏం లేదు, ప్రతి పెట్టెకూ ఇచ్చిన ఇంటి నంబరు పట్టుకుని "ఉన్నావా" అని ఒక కేక వేసి, "ఉన్నా" అనే మాట కోసం చూడటం. గోడ పెట్టె ఉన్నానంది.

"ఇక్కణ్ణించి పోయిందా?"

గట్టు మీది స్తంభానికి పింగ్ కొట్టింది. స్తంభం ఉన్నానంది.

"అక్కణ్ణించి పోయిందా?"

కొలత పెట్టెకు పింగ్ కొట్టింది. అందరూ తెరకేసి వంగారు. కొలత పెట్టె కూడా ఉన్నానంది.

వామనరావు గట్టిగా ఊపిరి వదిలాడు. "చూశావా? అన్నీ పలుకుతున్నాయి. ఊరికే కంగారు పెట్టేశావు." ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. టీ చెప్పమన్నాడు కూడా.

బయట నీళ్ళు రెండో మెట్టు ఎక్కాయి.

ఏసుపాదం మాత్రం కదల్లేదు. పొగమంచులో గట్టు మీద నిలబడి కేకలేసిన మనిషి అతను. అవతలి ఒడ్డు నుంచి "ఓయ్" అని వినపడితే అది తన మనిషే అనుకుని తలుపులు ఎత్తేసి ఒకసారి చివాట్లు తిన్నాడు.

"పలికింది సరేనండి," అన్నాడు. "పలికిందెవరు?"

ఆ మాట ఎవరూ అంతకుముందు అడగలేదు. సుభాషిణి చటుక్కున రిజిస్టరు లాగింది. ప్రతి పెట్టె మీదా ఫ్యాక్టరీలో కొట్టిన నంబరు ఒకటి ఉంటుంది, అది పుట్టుమచ్చ లాంటిది. పెట్టె బిగించిన రోజున దాన్ని రాసుకున్నారు. పలికినవాడి పుట్టుమచ్చ చూపించమని ఆమె మిషన్‌ను అడిగింది. రిజిస్టరులో ఉన్నది వేరు, తెర మీద ఉన్నది వేరు. మళ్ళీ అడిగింది. ఈసారి రెండూ ఒకటే. మూడోసారి అడిగింది. మళ్ళీ వేరు.

"బాబాయ్, ఒకే ఇంటి నంబరు పెట్టుకుని ఇద్దరున్నారు. మనం కేకేస్తే ఒకసారి వాడు పలుకుతున్నాడు, ఒకసారి వీడు. కొలత అడిగితే మాత్రం దొంగవాడే అడ్డం నిలబడుతున్నాడు."

ఇక మిగిలింది మూడో మాట.

"నిన్న సెయ్యెట్టిందెవరు?"

సుభాషిణి ఏం ముట్టుకోలేదంది. వామనరావు ఏం ముట్టుకోలేదన్నాడు. చక్రపాణి, "నేనేం ముట్టుకోలేదండి" అన్నాడు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. లోకంలో ఏ మిషన్ ఆగినా, ఏ దీపం ఆరినా, ముట్టుకున్నవాడు మాత్రం ఒక్కడూ ఉండడు!

ఏసుపాదం రెండోసారి అడిగాడు. చక్రపాణి ఉంగరాలు తిప్పుకున్నాడు.

మూడోసారి ఏసుపాదం అడగలేదు. వెళ్ళి చక్రపాణి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నా కూతురు లంకలో ఉందయ్యా. పదకొండు రోజుల పసిగుడ్డుతో ఉంది. తప్పెవరిదో నాకొద్దు. పైవోళ్ళకి చెప్పను. సెయ్యెక్కడెట్టావో చెప్పు, సాలు."

చక్రపాణి తల దించుకున్నాడు. "నిన్న నాలుగింటికి లాకు తలుపు మీద కొత్త కెమెరా పెట్టానండి. దానికి నూట ఎనిమిది నంబరు ఇచ్చాను."

"నూట ఎనిమిదే ఎందుకు?" అంది సుభాషిణి.

"కూడితే తొమ్మిది కదండి. కలిసొచ్చే నంబరు. నా బండిదీ తొమ్మిదే, ఫోనుదీ తొమ్మిదే."

సుభాషిణి రిజిస్టరు తిప్పి చూపించింది. కొలత పెట్టె బిగించినవాడు ఎవడో, వాడిక్కూడా తొమ్మిదే కలిసొచ్చేదట. దాని నంబరూ నూట ఎనిమిదే. రెండు వందల యాభై నంబర్లు ఖాళీగా పడి ఉన్నాయి. ఇద్దరు మహానుభావులకూ ఆ ఒక్కటే నచ్చింది.

ఆ మాట పూర్తి కాకముందే ఏసుపాదం బయట ఉన్నాడు. లాకు తలుపు మీదికి ఎక్కాడు. కింద ఏరు హోరెత్తుతోంది. కెమెరా తీగను రెండు చేతులా పట్టి పీకాడు.

లోపల ముప్పై ఒకటి అలాగే ఉంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. మూడో నిమిషంలో అంకె చెదిరింది.

నలభై మూడు.

ఏటి మధ్య సైరన్ కూసింది. ఒట్టేసుకున్న లంక ఒట్టు ప్రకారమే లేచింది. కొంపలు వదిలి, గంగాళాలు వదిలి, పిల్లల్ని చంకనేసుకుని రేవుకు పరిగెత్తింది. పడవలు వెళ్ళాయి, వచ్చాయి, వెళ్ళాయి. మూడు వందల గడపలో ఒక్క మనిషి పోలేదు. పశువులు పోయాయి. ఆఖరి పడవ ఒడ్డుకు చేరేసరికి లంకలో ఇళ్ళ చూరులు మాత్రమే కనిపిస్తున్నాయి.

రూతమ్మ మూడో పడవలో వచ్చింది. తండ్రిని చూసి ఏడ్చింది. అతను చేతుల మట్టి పంచెకు తుడుచుకుని పసిదాన్ని అందుకున్నాడు. రేవు రాయి మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు లేవలేదు. అతను అంతసేపు కదలకుండా కూర్చోవడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు.

నీళ్ళు తీశాక పైనుంచి పెద్దవాళ్ళు వచ్చారు. తప్పెవరిదని అడిగారు. ఆఫీసు ఆఫీసంతా నేల చూపులు చూసింది. ఏసుపాదం ఇచ్చిన మాట తప్పలేదు, చక్రపాణి పేరు ఎత్తలేదు. వాళ్ళు వెళ్ళాక ఒక బొగ్గుముక్క తెచ్చి, మిషన్ పక్క గోడ మీద కూడబలుక్కుంటూ రాశాడు.

"తీసింది: కెమెరా. బదులు: ఏం పెట్టలేదు. ఎవరు: ఏసుపాదం."

"తెల్లగోడ పాడు చేశావేంటయ్యా?" అన్నాడు వామనరావు.

"గోడకి వెల్లేస్తే పోద్ది బాబూ," అన్నాడు ఏసుపాదం.

అప్పటినుంచి ఆ గదిలో ఎవరు ఏం ముట్టుకున్నా అతను బొగ్గు చేతిలో పెట్టి వెనకే నిలబడేవాడు. బల్బు మార్చినా రాయాల్సిందే. ఇంజనీరైనా రాయాల్సిందే. రెండోరోజున రాసినవాడు చక్రపాణి. కెమెరాకు కొత్త నంబరు ఇచ్చి, దాన్ని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి, కింద తన పేరు పెట్టాడు. ఆ నంబరు కూడితే ఎంతొస్తుందో అతను చూసుకోలేదు.

తరవాత ఎన్నో ఏళ్ళు గడిచాయి. కాలవలు కట్టేసిన ఒక వేసవిలో, మూడు రోజుల జ్వరంతో ఏసుపాదం పోయాడు. ఆ కబురు ఆఫీసుకు వచ్చినప్పుడు ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. లస్కరు పోతే జెండా దించరు, సెలవివ్వరు. సుభాషిణి లేచి బొగ్గుముక్క తీసుకుంది.

"తీసింది: లస్కరు ఏసుపాదం. బదులు:" అని రాసి, ఆగి, ఇంకో రెండు మాటలు చేర్చింది. ఎవరు అన్న చోట ఏం రాయాలో ఆమెకు తెలీలేదు. అది ఖాళీగానే వదిలేసింది.

ఆ లాకు కింది ఊళ్ళలో తీగపని చేసేవాళ్ళు ఇప్పటికీ, మిషన్ పలికిందనగానే లేచిపోరు. పలికిందెవరని అడుగుతారు. ఏం ముట్టుకున్నా గోడ మీద రాస్తారు. ఏడాదికోసారి లాకు ఆఫీసులోని ఆ గోడకు వెల్ల వేస్తారు. బల్బులూ తీగలూ పెట్టెలూ అన్నీ వెల్ల కింద పోతాయి. వెల్ల ఆరీ ఆరకముందే, ఆ రోజు డ్యూటీలో ఎవరుంటే వాళ్ళు, అతన్ని కంటితో చూడనివాళ్ళయినా సరే, బొగ్గు తీసుకుని ముందు ఆ ఒక్క వరస మళ్ళీ రాస్తారు.

తీసింది: లస్కరు ఏసుపాదం. బదులు: ఇంకా లేదు.