కేదార్ పైకి చదివిన జాబితా

విమలా మాత ఆశ్రమంలో చేరి కేదార్‌కి ఆరు నెలలయింది. కంప్యూటర్ చదువు చదివినవాడు కాబట్టి అక్కడి పాత కంప్యూటర్ని, అందరూ అమ్మ అని పిలిచే మాత అతనికే అప్పగించింది. మెమరీ తక్కువ, లినక్స్ అనే తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్ తప్ప ఇంకేదీ దాని మీద నడవదు. అయినా రోజూ పొద్దున పదింటికి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే చూపులేని వాళ్ళకి పుస్తకాలు చదివి వినిపించేది అదే.

"అప్‌డేట్ చేసే ముందు ఏవి మారతాయో, ఏవి పోతాయో ఆ జాబితా అంతా చదువు," అని అమ్మ మొదటిరోజే చెప్పింది. సన్యాసం తీసుకోకముందు ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇంజనీరు.

కొన్నాళ్ళు చదివాడు. తర్వాత విసుగొచ్చింది. ఒక మధ్యాహ్నం చూస్తే నూట అరవై ప్యాకేజీలకి, అంటే ప్రోగ్రాం ముక్కలకి, కొత్తవి వచ్చి ఉన్నాయి. జాబితా వంక చూడకుండా, అడిగిన ప్రతిదానికీ 'అవును' కొట్టాడు. డిస్కులో చోటు చాలదని పాత ప్యాకేజీ ఫైళ్ళు కూడా తుడిచేశాడు. కంప్యూటర్ మళ్ళీ లేచింది, మునుపటికన్నా చురుగ్గా.

"అమ్మ రెండు రోజులు కూర్చునే పని, ఇరవై నిమిషాల్లో అవగొట్టా," అన్నాడు వంటశాలలో అందరూ వినేలా.

మర్నాడు పన్నెండుమంది వచ్చి చాపల మీద కూర్చున్నారు. రోజూ అయితే మీట నొక్కగానే "గళం సిద్ధం" అని వినిపించేది. చదివే ప్రోగ్రాం పేరు గళం. ఆ రోజు ఏమీ వినపడలేదు. కేదార్ వైర్లు చూశాడు, స్పీకర్లు మార్చాడు. మీట మళ్ళీ మళ్ళీ నొక్కాడు.

"కంగారు పడకు నాయనా, మేం ఎక్కడికీ పోం," అంది ముందు వరసలో ఓబులమ్మ. నాలుగు మైళ్ళు నడిచి వచ్చిన మనిషి. ఆ మాటకి అతనికి ఇంకా సిగ్గేసింది.

మాత వచ్చి పక్కన కూర్చుంది.

"ఏమైందో తెలీట్లేదమ్మా. ఇది ఏమీ చెప్పలేదు."

"నిన్న జరిగిందంతా కంప్యూటర్ రాసిపెట్టే ఉంటుంది. తెరువు." తెరిచాడు. "ఇవాళ వీళ్ళకి చదివేవాళ్ళు లేరు. పైకి చదువు."

ఎగతాళేమో అని చూశాడు. కాదు. చదవడం మొదలుపెట్టాడు. అక్షరాల ప్యాకేజీలు, గడియారానివి, ప్రింటరువి, రుచీ పచీ లేని పేర్లు. ఆ పన్నెండుమందీ మాత్రం పుస్తకం విన్నట్టే తల ఒకవైపు వంచి వింటున్నారు. ఒక్కరూ దగ్గలేదు. అలా వింటుంటే ఒక్క పేరు దాటవేయడానికీ అతనికి మనసొప్పలేదు. చాలాసేపటికి 'తీసేసినవి' అన్న చోటికి వచ్చాడు. నాలుగైదు పేర్ల తర్వాత "గళం" అని చదివి, అదే ఊపులో కిందికి పోయాడు.

"ఆగు నాయనా," అంది ఓబులమ్మ. "మాకు చదివేది దాని పేరే కదూ?"

కేదార్ వెనక్కి వెళ్ళి చూశాడు. శబ్దం పలికించే సహాయక ప్యాకేజీకి, లైబ్రరీ అంటారు దాన్ని, కొత్తది వచ్చింది. గళం పాతదానితోనే పనిచేస్తుంది. కొత్తది పెట్టాలంటే గళాన్ని తీసేయాలి, తీసేయనా అని కంప్యూటర్ అడిగింది. దాని కింద, తాను కొట్టిన 'అవును'.

మాత తన సంచీలోంచి ఒక పెన్‌డ్రైవ్ తీసింది. దానికి చిన్న కాగితం అంటించి ఉంది, పోయిన నెల తారీకుతో. నెలనెలా పాత ప్యాకేజీలని ఆమె అందులో దాస్తోందని కేదార్‌కి అప్పుడే తెలిసింది. ఒక్క మీటా తాను ముట్టుకోలేదు. కేదార్‌చేతే లైబ్రరీని మళ్ళీ పాతదానికి దింపించింది. దానితోపాటు దిగాల్సిన ఇంకో రెండింటి పేర్లు అతనిచేత చదివించి, అవీ దింపించింది. ఆ పైన గళాన్ని పెట్టించి, ఆ నాలుగింటినీ ఇక కదపవద్దని కంప్యూటర్‌కి చెప్పించింది.

"గళం సిద్ధం."

వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. ఓబులమ్మ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

అంతా వెళ్ళాక కేదార్ తల వంచుకుని అన్నాడు. "ఇంకెప్పుడూ అప్‌డేట్ జోలికి పోనమ్మా."

"పోవాలి," అంది మాత, చాపలు చుడుతూ. "అది అడిగినప్పుడు, విని జవాబు చెప్పు."