పిడుగు గద లేని గురువు

అనగనగా ఒక అడవి ఉండేది. అక్కడ పిల్లలు కథలంటే చెవి కోసుకునేవారు. ఊ కొట్టండి మరి! మీరు ఊ కొట్టకపోతే చెప్పే నాకే నిద్రొస్తుంది.

ఆ అడవి నడుమ నున్నటి బండ ఒకటి ఉండేది. దాన్ని కథల బండ అనేవారు. పొద్దు వాలితే చాలు, పంది పిల్లలు, కుందేలు పిల్లలు, దుప్పి పిల్లలు అందరూ దాని చుట్టూ చేరేవారు. బండ మీద అలుగు తాత కూర్చునేవాడు. అలుగంటే తెలుసుగా? ఒళ్ళంతా పెంకుల్లాంటి పొలుసులుంటాయి. చీమల్ని, చెదల్ని తిని బతుకుతుంది. భయమేస్తే బంతిలా చుట్టుకుపోతుంది. అంతకు మించి దానికి యుద్ధం రాదు.

తాతకి వచ్చింది ఒక్కటే కథ. చుక్కల ఓడ కథ. ఎప్పుడో రాబోయే కాలంలో పెద్ద గాజుగింజలాంటి ఓడ ఒకటి ఆకాశంలోకి ఎగురుతుందట. అందులో అడవి పిల్లలంతా ఉంటారట. చంద్రుణ్ణి దాటి, మంచు గోళాల్ని దాటి, చుక్కల మధ్యకి పోతారట. వాళ్ళతో పాటు ఒక ముసలి గురువు ఉంటాడు. దారిలో నల్లటి ధూళి మేఘం వచ్చి ఓడని మింగేస్తుంది. దీపాలారిపోతాయి. యంత్రాలాగిపోతాయి. ఊపిరాడదు. పిల్లలు గొల్లుమంటారు.

అప్పుడు గురువు మూడే మూడు మాటలు చెబుతాడు.

"కళ్ళు మూసుకోండి. ముందువాళ్ళ తోక నోటితో పట్టుకోండి. ముక్కుకి చల్లగా తగిలేవైపు వంగి నడవండి."

అలా నడిచి నడిచి పిల్లలు ఓడ తలుపు దగ్గరికి చేరి బయటపడతారు. ఇదీ కథ.

కథ అయిపోగానే పిల్లలంతా లేచి తోకల బండి ఆట ఆడేవారు. కళ్ళు మూసుకుని, ఒకరి తోక ఒకరు నోట కరుచుకుని, వాగు మీంచి చల్లగాలి ఎటు వస్తే అటు నడిచేవారు. కుందేలుకి తోకెక్కడుందని అడక్కండి. ఉన్నంతలోనే పట్టుకునేవారు! నోట్లో తోక ఉంటే ఏడవడానికీ వీల్లేదు, అరవడానికీ వీల్లేదు. ముందు నడవడం మాత్రం రోజుకొకరి వంతు. తాత ఎప్పుడూ అందరికన్నా వెనక నడిచేవాడు.

"తాతా, నువ్వు గురువ్వి కదా. ముందు నడవవేం?" అని అడిగేవారు పిల్లలు.

"ముందు నేను నడిస్తే దారి నాకు తెలుస్తుంది. మీకేం తెలుస్తుందిరా?" అనేవాడు తాత.

ఆ పిల్లల్లో ఒక గోరింక పిల్ల ఉండేది. పేరు కోమలి. తాత పక్కనే, ఆయన పొలుసులకి ఆనుకుని కూర్చునేది. తాత దగ్గర పుట్టమన్ను వాసన వచ్చేది. ఆ వాసనంటే కోమలికి ప్రాణం. తాత వీపు మీద నాలుగు లోతైన గీతలుండేవి. "ఇవేంటి తాతా?" అని అడిగితే, "అవా? ఎప్పుడో గీసుకుపోయాయిలే తల్లీ," అని మాట దాటేసేవాడు.

రోజులు గడిచాయి. కోమలి పెద్దదైంది. ఒక చలికాలంలో తాత పోయాడు.

అడవి అడవంతా బావురుమంది. పదో రోజున పెద్దలంతా కూర్చుని, "కథల బండ మీద ఇక కోమలి కూర్చోవాలి," అన్నారు. గోరింకలకి ఏ గొంతు విన్నా అచ్చు అలాగే పలకడం పుట్టుకతో వచ్చే విద్య కదా. కోమలికి తాత గొంతు అచ్చంగా వచ్చు. ఆ బొంగురు, ఆ మధ్య మధ్య ఆయాసం, అన్నీ దిగిపోయాయి. మొదటిరోజు కోమలి బండెక్కి తాత గొంతుతో "పిల్లలూ!" అని పిలిచేసరికి ముళ్ళపంది పోలవ్వ కళ్ళొత్తుకుంది. ముసలివాళ్ళంతా పాత రోజులు తలుచుకుని ముక్కులెగబీల్చారు.

కానీ తర్వాతి ఏళ్ళలో కొత్తగా పుట్టిన పిల్లలు తాతని చూసిన వాళ్ళు కాదు. వాళ్ళకి కథ చప్పగా అనిపించింది. అందులో పంది పిల్ల బొద్దోడు ఉన్నాడే, వాడు మహా గడుగ్గాయి.

"అత్తా, ఇంతకీ గురువు కొట్టడా?" అన్నాడు వాడు.

"ఎవర్ని?"

"ఆ మేఘాన్ని! ఊరికే మూడు మాటలు చెప్పడమేంటి? మా అమ్మ కూడా చెబుతుంది అలాంటివి."

పిల్లలంతా కిసుక్కుమన్నారు. కోమలికి మొహం చిన్నబోయింది. ఆ రాత్రంతా ఆలోచించింది. పిల్లలు ఇలా ఒక్కొక్కరే జారిపోతే తాత కథ తాతతోనే పోతుంది. అది ఆమె భరించలేకపోయింది.

మర్నాడు కథలో గురువు చెయ్యెత్తాడు. మేఘం రెండడుగులు వెనక్కి జరిగింది. పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టి విన్నారు.

ఆ తర్వాతి రోజు గురువు చేతికి పిడుగు గద వచ్చింది. "ఫెళఫెళా!" అని కోమలి పిడుగు చప్పుడు పలికితే పిల్లలు కేరింతలు కొట్టారు. పక్క కొండ మీది పిల్లలు కూడా వచ్చి కూర్చున్నారు.

మూడో రోజు గురువు గద తిప్పి ఒక్క దెబ్బ వేశాడు. మేఘం ముక్కలు ముక్కలైంది. ఇంకేముంది? పిల్లలు ఎగిరి గంతులేశారు. "మా కోమలత్తలా ఎవరూ చెప్పలేరు!" అన్నారు. కోమలి ఉబ్బితబ్బిబ్బయింది.

కథ అవగానే అలవాటు కొద్దీ "లేవండి, తోకల బండి కడదాం," అంది.

"ఎందుకత్తా? గురువు మేఘాన్ని చంపేశాడుగా. ఇంకెక్కడికి నడవాలి?" అన్నాడు బొద్దోడు.

అదీ నిజమే కదా! ఆ రోజు నుంచి పిల్లలు తోకల బండి మానేసి, కర్రపుల్లలు పట్టుకుని గద యుద్ధం ఆడటం మొదలుపెట్టారు.

పోలవ్వ ఇదంతా చూస్తూనే ఉంది. ఒక సాయంత్రం నెమ్మదిగా బండ దగ్గరికి వచ్చింది.

"కోమలీ, గురువు చేతికి ఆ గదేంటే?"

"ఉంటే తప్పేంటి అవ్వా? బలం లేని గురువు మాట ఎవరు వింటారు? పిల్లలు ఎంతమంది వస్తున్నారో చూశావా?"

"బలం ఉండనీ, నేనొద్దన్నానా? కానీ యుద్ధమంతా ఆయనే చేసేస్తే వీళ్ళు నేర్చుకునేదేముంది?"

"కథే కదవ్వా! ఎప్పుడో రాబోయే కాలం కథ. ఆ ఓడా లేదు, ఆ మేఘమూ లేదు."

"నీ ఇష్టం తల్లీ," అని పోలవ్వ ముళ్ళు సర్దుకుంటూ వెళ్ళిపోయింది. కోమలికి మనసులో ఎక్కడో కలుక్కుమంది. కానీ మర్నాడు పిల్లల కేరింతల్లో అది మర్చిపోయింది.

ఎండాకాలం వచ్చింది. ఇప్పపూలు రాలే రోజులు. పెద్దవాళ్ళు పిల్లల్ని వెదురు పొదల్లో నీడన పడుకోబెట్టి పూలు ఏరుకోవడానికి వెళ్ళేవారు. ఒక మధ్యాహ్నం పై గట్టున ఎండుగడ్డి అంటుకుంది. గాలికి పొగంతా వెదురు పొదల మీదికి దిగింది. నల్లగా, దట్టంగా, అచ్చం కథలో మేఘంలా.

కోమలి చెట్టు చివర నుంచి అది చూసింది. రెక్కలు టపటపలాడిస్తూ పొగలోకి దూకింది.

పిల్లలు కదలకుండా అక్కడే ఉన్నారు! బొద్దోడు వెనక్కాళ్ళ మీద లేచి, కర్రపుల్ల ముందుకాళ్ళతో పట్టుకుని పొగని బాదుతున్నాడు. మిగతావాళ్ళు దగ్గుతూ వాడి వెనక ముడుచుకుని ఉన్నారు.

"ఇంకా ఇక్కడే ఉన్నారేంటర్రా? పరిగెత్తండి!" అని అరిచింది కోమలి.

"ఎటు పరిగెత్తాలత్తా? ఏమీ కనబడట్లేదు," అంది కుందేలు పిల్ల చెంగి, ఏడుస్తూ.

"భయం లేదు చెంగీ! గురువొస్తాడు. ఒక్క దెబ్బతో దీన్ని పగలగొట్టేస్తాడు. అత్తా, గురువుని పిలువు!" అన్నాడు బొద్దోడు.

ఆ మాట కోమలికి సూటిగా తగిలింది. ఇది తను నేర్పిందే. గురువు వస్తాడని, కొడతాడని, తాము చూస్తూ ఉంటే చాలని వాళ్ళకి నేర్పింది తనే. ఎగిరిపోతే తను బతికిపోతుంది. ఈ పసివాళ్ళు గురువు కోసం ఎదురుచూస్తూ ఇక్కడే ఉంటారు. పుట్టెడు దుఃఖం పొంగుకొచ్చింది. దాన్ని దిగమింగి, వాళ్ళ వెనకాల ఒక బొంగు మీద వాలి, తాత గొంతుతో పిలిచింది.

"పిల్లలూ!"

అందరూ ఉలిక్కిపడ్డారు. కథలో గురువు పలికేది ఆ గొంతుతోనే.

"గురువుగారు!" అని కేకేశాడు బొద్దోడు. "గద తీయండి గురువుగారూ! కొట్టండి!"

"గద లేదురా అబ్బాయ్," అంది ఆ ముసలి గొంతు. "నాకెప్పుడూ గద లేదు. అదంతా ఉత్తిదే. నా దగ్గరున్నవి మూడు మాటలే. వింటావా?"

బొద్దోడు పుల్ల కింద పడేశాడు. తలూపాడు.

"కళ్ళు మూసుకోండి," అంది కోమలి. పిల్లలు మూసుకున్నారు.

"ముందువాళ్ళ తోక నోటితో పట్టుకోండి." తడుముకుంటూ ఒకరి తోక ఒకరు అందుకున్నారు. ఏడుపులు ఆగిపోయాయి.

"బొద్దోడా, నీ ముక్కు పెద్దది. నువ్వు ముందుండు. ముక్కుకి చల్లగా తగిలేవైపు వంగి నడవండి."

"నాకు భయంగా ఉంది గురువుగారూ. మీరు ముందు నడవండి."

"నేను వెనకాలే ఉన్నానురా నాన్నా. ఎక్కడికీ పోను. నడువు."

వాడు మూతి నేలకి ఆనించాడు. ఇటు వేడి. అటు వేడి. మరో పక్క నుంచి సన్నగా, తడిగా, వాగు వాసన. అటు ఒక్కో అడుగూ వేశాడు. వెనకాల తోకల బండి కదిలింది. కోమలి ఒక్కో బొంగు మీదికీ గెంతుతూ, "అలాగే, అలాగే నా బంగారు కొండలు," అంటూనే ఉంది. పొగ గొంతులోకి పోతోంది. మంట తోక ఈకల్ని తాకింది. అయినా పలకడం ఆపలేదు. గొంతు ఆగితే బండి ఆగిపోతుందని ఆమెకి తెలుసు.

చివరికి బొద్దోడి మూతికి నీళ్ళు తగిలాయి. దబ్బున వాగులో పడ్డాడు. వాడి వెనక దుప్పి పిల్ల, దాని వెనక చెంగి, అందరూ దబదబా పడ్డారు. అవతలి ఒడ్డున తల్లులు గుండెలు బాదుకుంటూ నిలబడ్డారు. పిల్లల్ని చూసి పోయిన ప్రాణాలు లేచొచ్చినట్టు నీళ్ళలోకి ఉరికారు. ఒక్క పిల్ల కూడా తక్కువ కాలేదు.

కోమలి గట్టున ఒక రాయి మీద కూలబడింది. ఏదో అనబోయింది. గొంతులోంచి గరగరమని చప్పుడొచ్చింది, అంతే. తర్వాత పసర్లు పోశారు, తేనె నాకించారు. కొన్నాళ్ళకి మాట వచ్చింది కానీ గీసుకుపోయినట్టు వచ్చింది. తాత గొంతు మాత్రం మళ్ళీ రాలేదు. ఎన్నిసార్లు ప్రయత్నించిందో పాపం! ఇక ఆ గొంతు అడవిలో ఎవరూ వినబోరు. కోమలి కుమిలి కుమిలి ఏడ్చింది.

పోలవ్వ వచ్చి పక్కన కూర్చుంది. ఏడవనిచ్చింది. తర్వాత అడిగింది.

"తాత వీపు మీద గీతలు ఎక్కడివో నీకు తెలుసా?"

"అడిగితే ఎప్పుడూ చెప్పలేదవ్వా."

"నువ్వు ఈకలు కూడా రాని పసిగుడ్డువి. గూట్లోంచి కింద పడ్డావు. అటుగా చిరుతపులి వస్తోంది. తాత పారిపోవచ్చు, తన బొరియ దగ్గరే ఉంది. పోలేదు. నిన్ను పొట్ట దగ్గర పెట్టుకుని బంతిలా చుట్టుకున్నాడు. చిరుత గీరింది, దొర్లించింది, కొరికింది. ఆయన విప్పుకోలేదు. విసుగొచ్చి అదే పోయింది. నేను పుట్ట వెనకాల నక్కి ఇదంతా చూశాను. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

కోమలి మనసులో ఎక్కడో అడుగున, అన్నింటికన్నా పాత జ్ఞాపకం ఒకటి కదిలింది. చిమ్మచీకటి. పుట్టమన్ను వాసన. ఊపిరాడనంత ఇరుకు. సన్నటి సందులోంచి ముక్కుకి చల్లగా గాలి. తల దగ్గరే బొంగురు గొంతు: "కళ్ళు మూసుకో తల్లీ. నేనున్నాను."

చుక్కల ఓడలో నల్లటి మేఘం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకి అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం కోమలి మళ్ళీ కథల బండెక్కింది. కాలిన తోకతో, గీసుకుపోయిన గొంతుతో చుక్కల ఓడ కథ చెప్పింది. గద లేదు. చెయ్యెత్తడం లేదు. మూడే మాటలు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కథ అయ్యాక చెంగి అడిగింది. "అత్తా, నిజం చెప్పు. గురువుకి అసలు యుద్ధం వచ్చా, రాదా?"

కోమలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఏమోనే తల్లీ. వచ్చో రాదో నేను చూడలేదు. నన్ను వదిలిపెట్టి మాత్రం పోలేదు. లేవండి, తోకల బండి కడదాం. ఇవాళ ముందు ఎవరు?"

"నేను!" అంది చెంగి.

పిల్లలంతా కళ్ళు మూసుకుని వరసగా నిలబడ్డారు. కోమలి బండ దిగి, అందరికన్నా వెనక్కి వెళ్ళి, బొద్దోడి తోకని ముక్కుతో పట్టుకుంది. వాగు మీంచి చల్లగాలి వీచింది. బండి కదిలింది.

నీతి: గురువు పక్కన లేని రోజున కూడా పిల్లలకి దారి దొరకాలి. అలా నేర్పేవాడికి ఏ గదా అక్కర్లేదు.