పిల్ల లేవకుండా ఊయలెక్కడం

మా గురువు విరూపాక్షయ్య గారు అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పిన పాపాన పోలేదు. మూలికా వైద్యం నేర్చుకుంటూ ఆయన దగ్గర పదిహేడేళ్ళు ఉన్నాను. అందులో సగం కాలం జవాబుల కోసం ఎదురుచూడడంతోనే సరిపోయింది. ఏటా మాఘమాసంలో శిష్యులను వెంటబెట్టుకుని సముద్రం ఒడ్డున నాలుగు రోజులు నడవడం ఆయనకు అలవాటు. మూలికలు చూపించడానికని చెప్పేవారు. ఏడాది పొడవునా పోగుపడిన ప్రశ్నలకు ఆ నడకలోనే ఏదో ఒకటి దొరుకుతుందని మాకు తెలుసు కనుక, కాళ్ళనొప్పులవాళ్ళు కూడా మానేవారు కాదు.

ఆ ఏడు ప్రశ్న శ్రీకంఠానిది. మా అందరిలోకీ తెలివైనవాడు, ఆ సంగతి మాకంటే అతనికే బాగా తెలుసు. కొండ కింద పల్లెలో మా వైద్యశాల శాఖ ఒకటి ఉంది. దాన్ని ముప్పై ఏళ్ళు నడిపిన పెద్దాయన మంచం పట్టాక, ఒకరి తర్వాత ఒకరుగా ఇద్దరు శిష్యులు వెళ్ళి నెల తిరక్కుండా తిరిగొచ్చేశారు. పనివాళ్ళు మాట వినలేదని ఒకరు చెప్పారు, రోగులే నమ్మలేదని ఇంకొకరు చెప్పారు. ఇప్పుడు శ్రీకంఠం వంతు వచ్చింది. అతనూ తిరిగొస్తే ఆ ఇంటికి తాళం వేసేస్తానని గురువుగారు అందరి ముందే అన్నారు. తాళం పడితే చుట్టుపక్కల పదకొండు ఊళ్ళకు వైద్యుడు ఉండడు.

నడక రెండోరోజు మధ్యాహ్నం, ఒడ్డునున్న సరుగుడు తోట దగ్గర భోజనాలయ్యాక, శ్రీకంఠం అడగనే అడిగాడు. “గురువుగారూ, ఆ పల్లెవాళ్ళు ఆ ఇద్దరినీ పడదోసినట్టు నన్నూ పడదోయకుండా ఉండాలంటే, అక్కడ మొదటిరోజు నేను ఏం చెయ్యాలి?”

గురువుగారు తోట వైపు చూసి, “ఆ ఊయలలో కాసేపు నడుం వాల్చు,” అన్నారు.

ఆ ఊయల సంగతి కొంచెం చెప్పాలి. కొండలెక్కే కుర్రవాడొకడు వైద్యానికి వచ్చి, తగ్గాక గురువుగారికి ఇచ్చి వెళ్ళినది. అడవుల్లో చెట్లకు కట్టుకుని పడుకునే రకం, చిన్న సంచిలో ఇమిడిపోయే పల్చటి నైలాను గుడ్డ. గురువుగారు దాన్ని ఆ సరుగుడు తోట అంచున గుడిసెలో ఉండే నూకాలమ్మకు ఇచ్చేశారు. రెండు చెట్ల మధ్య కుర్చీ ఎత్తున అది ఏడాదంతా వేలాడుతూ ఉంటుంది. ఏటా మేము ఆవిడ చేతి అన్నం తినడం, ఆ ఊయలలోంచి తలా ఒకసారి పడడం, ముందుకు సాగడం ఆనవాయితీ. నేనూ పడ్డాను. ఎన్నిసార్లో ఇక్కడ అనవసరం.

శ్రీకంఠం వెళ్ళి, సైకిలెక్కినట్టు ముందు ఒక కాలు వేశాడు. గుడ్డ ఆ కాలితో పాటు అవతలికి పోయింది, మనిషి ఇవతల ఇసకలో కూలబడ్డాడు. లేచి దులుపుకుని, ఈసారి రెండు అంచులూ గట్టిగా పట్టుకుని ఎగిరి పడుకోబోయాడు. ఊయల గిర్రున తిరిగి అతన్ని బోర్లా పడేసింది. ముడి సరిగ్గా లేదన్నాడు. మేము నవ్వు ఆపుకోవడానికి తలా ఒక దిక్కు చూశాం. గురువుగారు సముద్రం చూస్తున్నారు.

అంతలో నూకాలమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి, కుడి మోకాలు వంగదు. భుజం మీద ఎనిమిది నెలల మనవరాలు. పళ్ళు వస్తున్నాయి కాబోలు, పిల్లకు మూడు రోజులుగా జ్వరం. రాత్రంతా ఏడ్చి, తల్లి చేపల గంప ఎత్తుకుని సంతకు వెళ్ళాక, ఇప్పుడిప్పుడే నిద్రపోయింది. చాప మీద దించితే చాలు, మళ్ళీ లేస్తోందట.

“ఏటి బాబూ, దాంతో కుస్తీ పడతన్నావా? కాసింత తప్పుకో,” అంది.

తర్వాత ఆవిడ చేసినది నేను ఈనాటికీ మరిచిపోలేదు. ఊయలకు వీపు పెట్టి నిలబడింది. గుడ్డ అంచు మోకాళ్ళ వెనక తగిలేదాకా వెనక్కి జరిగింది. ఒక చేత్తో పిల్లను పట్టుకుని, రెండో చేత్తో గుడ్డను వెనక్కి వెడల్పుగా పరిచి, సరిగ్గా మధ్యలో కూర్చుంది. అంతే, కూర్చుంది. పాదాలు రెండూ ఇసకలోనే ఉన్నాయి. ఊయల అటూ ఇటూ రెండుసార్లు కదిలి, ఆవిడ బరువు ఎంతో తెలుసుకుని ఆగింది. అది ఆగాక తల ఒక మూలకి వాల్చి, కాళ్ళు రెండో మూలకి చేర్చి, ఏటవాలుగా పడుకుంది. మాకెప్పుడూ అరటికాయలా వంగే గుడ్డ ఆవిడ కింద పరుపులా చదునైంది. పిల్ల పెదవి కూడా కదల్లేదు. పెద్ద పెద్ద విద్వాంసులు వేదిక మీద కూర్చోవడం చూశాను గాని, ఇంత అందంగా కూర్చున్నవాళ్ళని చూడలేదు. నాకు దండం పెట్టాలనిపించింది.

పావుగంట గడిచిందో లేదో, ఒడ్డు నుంచి ఎవరో కేకేశారు. ఆవిడ కొడుకు పడవ వచ్చింది. ఎండకు చేప పాడవకముందే వల దులపాలి. నూకాలమ్మ కాళ్ళు రెండూ ఒక పక్కకి దించి, పాదాలు ఇసకకు తగిలాక మెల్లగా లేచి కూర్చుని, కాసేపు అలాగే ఆగింది. తర్వాత అంచుకు జరిగి, బరువంతా మంచి కాలి మీద వేసుకుని నిలబడింది. ఎక్కడా తొందరలేదు, వంగని మోకాలు అడ్డం రాలేదు. మా మొహాలన్నీ ఒకసారి చూసి, పిల్లను శ్రీకంఠం ముందుకు చాపింది.

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. “నేను రెండుసార్లు పడ్డానమ్మా.”

“సూసినాను. ఇప్పుడు పడవులే,” అని పిల్లను అతని గుండెల మీద పెట్టి, కుంటుకుంటూ వెళ్ళిపోయింది.

శ్రీకంఠం చాలాసేపు నిలబడే ఉన్నాడు. పిల్ల ఒళ్ళు వెచ్చగా తగులుతోంది కాబోలు, మాటిమాటికీ దాని నుదురు చూస్తున్నాడు. చివరికి వెనక్కి తిరిగి, మోకాళ్ళ వెనక గుడ్డ తగిలేదాకా జరిగాడు. చేత్తో పరిచి, మధ్యలో కూర్చున్నాడు. పాదాలు ఇసకలోంచి ఎత్తడానికి అతనికి ఎంతసేపు పట్టిందో చెబితే నమ్మరు. ఊయల పూర్తిగా ఆగిందని రూఢి చేసుకున్నాకే ఏటవాలుగా ఒరిగాడు. పిల్ల ఒకసారి మూలిగి, అతని చొక్కా పిడికిట పట్టుకుని నిద్రలోకి జారిపోయింది. ఆ మొనగాడు గంటన్నరసేపు అలాగే పడుకున్నాడు. ఎర్రచీమ ఒకటి చెవి వెనక కుడుతుంటే నేను వెళ్ళి తీశాను. అతను కదల్లేదు. అతని మీద అంతవరకూ నాకున్న అసూయ ఆ పూటతో పోయింది.

నూకాలమ్మ చేప వాసనతో తిరిగొచ్చేసరికి పిల్లకు చెమట పట్టి జ్వరం దిగింది. శ్రీకంఠం కాళ్ళు దించి, కూర్చుని, ఆగి, లేచాడు. చేతులు మారేటప్పుడు పిల్ల కళ్ళు తెరిచి నాయనమ్మని చూసి, మళ్ళీ మూసుకుంది. ఆవిడ రెండు వేళ్ళతో అతని గడ్డం తాకి లోపలికి వెళ్ళిపోయింది.

మూటలు సర్దుకుని బయలుదేరాం. కొంతదూరం నడిచాక శ్రీకంఠం గురువుగారి పక్కకు చేరాడు. “నేనడిగినదానికి తమరు ఏమీ చెప్పలేదు.”

గురువుగారు నడక ఆపలేదు. “ఒక్కడివే ఎక్కినప్పుడు రెండుసార్లు పడ్డావు, పిల్లతో ఎక్కినప్పుడు పడలేదు,” అన్నారు. “అక్కడికి వెళ్ళగానే, ముందు నువ్వు ఎత్తుకోవలసిన పిల్ల ఎక్కడుందో కనుక్కో.”