కోర్టులో ఆది తాళం

మృదంగం గవరయ్యగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడెవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. మృదంగం ఎడమ మూతకు అంటించే రవ్వముద్దను తడిచేత్తో పిసుకుతూ కూర్చునేవారు. అడిగినవాడు విసిగి లేచిపోతే, వాడికి ఆ ప్రశ్న అంత అవసరం లేదని ఆయన లెక్క. లేవకుండా కూర్చున్నవాడికైనా జవాబు దొరుకుతుందన్న పూచీ లేదు. ఆయన పక్క వాటాలో ఇరవై ఏళ్ళు కాపురమున్నవాణ్ణి కనక ఇదంతా గోడ ఇవతలి నుంచి విని తెగ చిరాకు పడేవాణ్ణి. నేను కాకినాడ కోర్టులో బెంచి క్లర్కుని. అడిగిన ప్రశ్నకు అవునో కాదో చెప్పించి రాసుకోవడమే మా కొలువు.

ఆ రోజు ప్రశ్న అడిగింది దొరబాబు. చిన్నప్పటి నుంచీ గవరయ్యగారి దగ్గరే నేర్చుకున్నవాడు, మనిషి వెన్నపూస. వాళ్ళ విద్యలో ఒక మర్యాద ఉంది. సభలో వాయించే పెద్దవాడి చెయ్యి ఎక్కడైనా వెనకబడితే, పక్కన కూర్చుని చేత్తో తాళం వేసేవాడు వెంట్రుకవాసి ఆగుతాడు. వాయించేవాడు వచ్చి కలుస్తాడు. వినేవాళ్ళకు తెలియదు, పెద్దవాడి పరువు నిలబడుతుంది. దొరబాబు సందేహం దాని మీదే.

"ఆ ఆగడం ఎప్పుడూ మంచిదేనాండీ గురువుగారూ? ఒక్కోసారి మనం దొంగతనం చేస్తున్నట్టు ఉంటాదండి నాకు."

గవరయ్యగారు రవ్వముద్ద పిసికారు. చాలాసేపటికి, "రేపు నూకరాజు కేసు కదరా. వాయించి చూపించమంటారేమో, పొద్దున్నే వచ్చెయ్యి, మృదంగం మొయ్యాలి" అన్నారు. అంతకుమించి ఒక్క ముక్క లేదు. ఎప్పటిలాగే నాకు ఒళ్ళు మండింది.

నూకరాజు ఆయన పెద్ద శిష్యుడు. కచేరీలకు, నాట్యాలకు, పెళ్ళిళ్ళకు ఆ చుట్టుపక్కల ఎవరైనా ముందు అతణ్ణే పిలిచేవారు. ఒక తెల్లవారుజామున పెళ్ళి కచేరీ ముగించుకుని మోటారు సైకిలు మీద ఇంటికి వస్తూంటే, పెద్దాపురం రోడ్డులో ఒక వ్యాను చెప్పా పెట్టకుండా అడ్డం తిరిగింది. కుడి మణికట్టు నుజ్జయింది. ఆసుపత్రిలో కోసి లోపల రేకు బిగించారు. ఎముక అతుక్కుంది గాని రెండు వేళ్ళు చెప్పిన మాట వినడం మానేశాయి. ఇంకో ఆపరేషన్ చేస్తే అన్నం కలుపుకోవడానికీ, చొక్కా గుండీ పెట్టుకోవడానికీ పనికొస్తుందని డాక్టరు చెప్పాడు. మృదంగం ఊసెత్తలేదు. వ్యానుకు బీమా ఉంది కాబట్టి పరిహారం కోసం ట్రిబ్యునల్లో దావా వేశారు. అది గెలవకపోతే ఆపరేషనూ లేదు, భార్యాపిల్లలకు రేపటి దారీ లేదు.

అతను సాయంత్రాలు గురువుగారింటికి వచ్చి వాయించుకుంటూ ఉండేవాడు. శిష్యులందరూ వంతులేసుకుని తాళం ఆపి ఆపి అతణ్ణి ఒడ్డుకు చేర్చేవారు. "బావుందన్నయ్యా, రోజురోజుకీ తేడా తెలుస్తోంది" అనేవారు. గోడ ఇవతల వింటూ నేనూ నమ్మాను. ఒక పక్క చెయ్యి పోయిందని దావా, ఇంకో పక్క చెయ్యి వచ్చేస్తోందని ఆశ. ఆ రెండింటి మధ్యా నూకరాజు మంచి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కోర్టుకు వచ్చాడు.

పొద్దున గవరయ్యగారి సాక్ష్యం అయిపోయింది. ఆయన వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నారు. తర్వాత నూకరాజు బోనెక్కాడు. బీమా కంపెనీ వకీలు తెలివైనవాడు, గొంతు పెంచే అలవాటు లేనివాడు. అలాంటివాళ్ళతోనే ప్రమాదం.

"ఎముక పూర్తిగా అతికిందని మీ డాక్టరే చెప్పాడు. అవునా?"

"అవునండి."

"సాయంత్రాలు మీ గురువుగారింట్లో వాయిస్తున్నారు. అవునా?"

నూకరాజు అబద్ధం ఆడలేదు. "సాధన చేసుకుంటున్నానండి. ముక్తాయింపు దగ్గర చెయ్యి ఆగిపోతాది."

"ముక్తాయింపంటే?" అని జడ్జిగారు అడిగారు. ఆవిడ కొత్తగా బదిలీ మీద వచ్చారు, ముక్కుసూటి మనిషి.

ఒకే వరసను మూడుసార్లు వాయించి, చివరి దెబ్బ సరిగ్గా తాళం మొదటి చప్పట మీద పడేట్టు ముగించడమని నూకరాజు చెప్పాడు. ఆ దెబ్బా చప్పటా కలవకపోతే వాయించినదంతా వృథా అన్నాడు. బీమా వకీలు చిన్నగా నవ్వి, మృదంగం వరండాలో ఉందని విన్నాననీ, ఇక్కడే వాయించి చూపిస్తే అందరి సందేహమూ తీరుతుందనీ అన్నాడు. జడ్జిగారు ఒప్పుకున్నారు.

నూకరాజు వకీలు రామభద్రంగారు మృదంగం తెచ్చే వంకతో అతణ్ణి తలుపు దాకా లాక్కెళ్ళారు. నా కుర్చీ అక్కడికి దగ్గరే.

"కాస్త నొప్పి కనపడనివ్వవయ్యా. రెండు దెబ్బలు తప్పితే కొంపేం మునగదు."

"సభలో కావాలని తప్పు వాయించమంటారా?" నూకరాజు మొహం ఎర్రబడింది. "ఆ పని నావల్ల కాదండి."

"సభ ఎక్కడుందయ్యా ఇక్కడ!" అని రామభద్రంగారు నెత్తి కొట్టుకున్నారు.

బోను పక్కన చాప పరిచారు. నూకరాజు మృదంగం ఒళ్ళోకి తీసుకుని కూర్చున్నాడు. ఎదురుగా దొరబాబు ఆది తాళం అందుకున్నాడు. కేసుల కోసం కాచుకున్న జనం కూడా గుమ్మం దగ్గర మూగారు. మొదట నడక మెల్లగా సాగింది, బాగానే ఉంది. వేగం పెరిగింది. నేను రాయడం మానేసి ఆ వేళ్ళనే చూస్తున్నాను. ముక్తాయింపు మొదలైంది. ఒకసారి, రెండోసారి. మూడోసారి అతని పెదవులు బిగుసుకున్నాయి, నుదుటి మీద నరం లేచింది. చివరి దెబ్బా, దొరబాబు చప్పటా ఒక్కటిగా పడ్డాయి. గుమ్మంలో ఎవరో శభాష్ అన్నారు.

నూకరాజు తన చేతిని కళ్ళముందుకు తెచ్చుకుని చూసుకున్నాడు. "వచ్చేసింది!" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో వెలుగు చూసి నాకూ కళ్ళు చెమర్చాయి. తను కోర్టులో ఉన్నాననీ, దావా వేసింది తనేననీ ఆ మనిషికి గుర్తులేదు.

బీమా వకీలుకు గుర్తుంది. "మేడం, 'వచ్చేసింది' అని పిటిషనరే స్వయంగా అన్నాడు. ఆ మాట ఉన్నదున్నట్టు రికార్డు చేయించండి. ఇక నేను అడగవలసింది లేదు."

రామభద్రంగారు తల పట్టుకున్నారు. దొరబాబు ఒళ్ళో చేతులు పెట్టుకుని పాలిపోయి కూర్చున్నాడు. తను ఏం చేశాడో వాడికి అప్పుడే తెలిసింది. వాడు కావాలని చేయలేదు. పెద్దవాడి చెయ్యి వెనకబడేసరికి వాడి చెయ్యి దానంతటదే ఆగింది. అన్నేళ్ళ మర్యాద అది, చెయ్యి దింపాక గాని వాడికే తెలియలేదు. నేను కలం కాగితం మీద పెట్టాను గాని రాయబుద్ధి కాలేదు.

వెనక బల్ల మీంచి గవరయ్యగారు లేచారు.

"అమ్మా, అది రాయించకండి. వాడి చెయ్యి రాలేదు. తాళమే వెనక్కెళ్ళి తీసుకొచ్చింది."

హాలు గుసగుసలతో నిండింది. జడ్జిగారు వివరంగా చెప్పమన్నారు. ఆయన తాళం ఆగిన సంగతి చెప్పి, ఇంకోసారి వాయించి చూడనివ్వమన్నారు. ఎక్కువ మాట్లాడలేదు, శిష్యుణ్ణి తిట్టలేదు కూడా. బీమా వకీలు లేచి అభ్యంతరం చెప్పాడు. "ఇందాక కాపాడటానికి ఆగాడంటున్నారు. ఈసారి చెయ్యి ఓడిపోయేట్టు తాళం తొందరపెట్టడని నమ్మకమేమిటి మేడం? వీళ్ళంతా ఒక్క ఇంటివాళ్ళు." నాకు వాడంటే గిట్టదు గాని, ఆ మాటలో న్యాయముంది.

జడ్జిగారు తలెత్తి గోడ మీద గడియారాన్ని చూశారు. "సెకను ముల్లు చప్పుడుకు ఒక్కొక్కటి చొప్పున తాళం వేయగలవా బాబూ?" అని దొరబాబును అడిగారు. వాడు తలూపాడు. ఆవిడ ఫ్యాన్లు ఆపించారు. ఏప్రిల్ నెల ఎండ. గుమ్మంలో జనాన్ని గట్టిగా మందలిస్తే సద్దుమణిగారు. గడియారం టిక్కు టిక్కుమనడం చివరి బల్ల దాకా వినపడింది. ఆ గడియారానికి నోరుందని అన్నేళ్ళ సర్వీసులో నాకు అప్పుడే తెలిసింది.

దొరబాబు చెయ్యెత్తి మళ్ళీ దించేశాడు. "నేను వెయ్యలేనండి గురువుగారూ. ఇంకెవరిచేతైనా..."

"నువ్వే వెయ్యాలి" అన్నారు గవరయ్యగారు.

నూకరాజుకు అప్పటికి అంతా అర్థమైంది. మొహంలో ఆ వెలుగు ఇంకా పూర్తిగా చావలేదు. మృదంగం మీదికి వంగి, మాకెవరికీ వినపడదనుకుని, దొరబాబుతో మెల్లగా అన్నాడు. "ఒరే తమ్ముడూ, కాస్త చూసుకోరా."

ఆపరేషనూ, ఇల్లూ, పిల్లలూ అన్నీ పోయినా సరే, నలుగురి ముందూ తన చెయ్యి నిలబెట్టమని అతను అడుగుతున్నాడు. అంత బతిమాలే గొంతు నేను ఏ ముద్దాయి దగ్గరా వినలేదు. దొరబాబు గడియారం వైపు చూస్తూ మొదటి చప్పట వేశాడు.

చప్పట, వేళ్ళు, చప్పట, విసురు. వాడి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తాళం గడియారాన్ని విడవలేదు. నూకరాజు నడక అందుకున్నాడు. వేగం పెంచాడు. ముక్తాయింపు మొదటిసారి తాళంతోనే ఉంది. రెండోసారి అడుగు దూరం వెనకబడింది. మూడోసారి ఉంగరపు వేలు లేవలేదు, మధ్యవేలు లేచి పడవలసిన చోట పడలేదు. దొరబాబు చప్పట పడింది. హాలంతా దాన్ని విన్నది. ఆ తర్వాత, అంతా అయిపోయాక, నూకరాజు దెబ్బ ఒంటరిగా పడింది.

అతను ఒప్పుకోలేదు. ఎవరూ అడగకుండానే మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ తప్పింది. ఇంకోసారి పట్టాడు. ఆ సారి చెయ్యి సగంలోనే మూత మీద చచ్చుబడి ఉండిపోయింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని పైకెత్తబోయాడు. "చాలు బాబూ, చాలు" అన్నారు జడ్జిగారు. బీమా వకీలు కాగితాలు సర్దుకుంటూ, ఇంకేమీ అడిగేది లేదన్నాడు. ఎంత ప్రయత్నించినా పిటిషనరు పూర్తి చేయలేకపోయాడని ఆవిడ చెప్పగా నేను రాసుకున్నాను. నా సర్వీసులో అంత చేదుగా రాసిన వాక్యం ఇంకోటి లేదు.

తీర్పు సెలవుల తర్వాత నూకరాజుకు అనుకూలంగానే వచ్చింది. ఆపరేషన్ ఖర్చూ, పోయిన జీవనోపాధికి పరిహారమూ ఇమ్మన్నారు. ఆ మధ్యాహ్నం మాత్రం ఎవరూ గెలిచినట్టు లేరు. నూకరాజు ఆవరణలోని కుళాయి దగ్గరికి వెళ్ళి, ఎడమచేత్తో నీళ్ళు పట్టి మొహం కడుక్కుంటూ ఉండిపోయాడు. ఎంతకీ అయ్యేది కాదు ఆ కడుక్కోవడం. దొరబాబు మెట్ల మీద కూర్చుని అటే చూస్తున్నాడు. భోజనానికి బయల్దేరినవాణ్ణి నేనూ అక్కడే ఆగిపోయాను.

"కాస్త చూసుకోరా అన్నాడండి నాతో" అన్నాడు దొరబాబు గురువుగారితో. "అన్నయ్య అంత నోరు విడిచి అడిగితే కూడా దయ చూపించలేకపోయాను. ఇంకెప్పుడైనా నా తాళానికి వాయిస్తాడంటారా?"

ఆయన చేతిలో రవ్వముద్ద లేదు. కాబట్టే కాబోలు, ఆ ఒక్కసారీ వెంటనే జవాబు చెప్పారు.

"తాళానికి ఎవరి మీదా దయ ఉండదురా. అందుకే దాన్ని నమ్ముకుని కూర్చుంటాం."